కొన్న పఫ్ షీట్లతో ఇంట్లోనే బేకరీ తరహా పేస్ట్రీలు

పూర్ణం పెట్టిన పేస్ట్రీలో అసలు శ్రమ పూర్ణానిది కాదు, పొరలది. మైదా పిండి మధ్య వెన్న దిమ్మను పెట్టి, వత్తి, మూడు మడతలు వేసి, చల్లబరచి, మళ్లీ వత్తి, ఇలా ఆరు విడతలు చేస్తే వెన్న 729 పొరలుగా విడిపోతుంది. చేయి తిరగనివారికి ఈ పనికే ఒక రోజంతా పడుతుంది, ఆ తర్వాత కూడా వెన్న ఎక్కడో ఒకచోట పిండిని చీల్చుకుని బయటికి వస్తుంది. ఆ పనినంతా యంత్రంతో చేసి గడ్డకట్టించి అమ్మే పఫ్ షీట్లు దొరుకుతున్నప్పుడు వాటిని కొనుక్కోవడంలో చిన్నతనమేమీ లేదు; బేకరీలలో కూడా చాలావరకు అలాంటి పిండినే తెప్పించుకుంటారు. అయితే షీటు కొన్నంత మాత్రాన పేస్ట్రీ పొంగదు. పిండి చల్లగా ఉండడం, పూర్ణంలో తడి తక్కువగా ఉండడం, ఓవెన్ బాగా వేడెక్కి ఉండడం అనే మూడింటిని మనమే చూసుకోవాలి, వాటికి దగ్గరిదారి లేదు.

కొనేటప్పుడు ముందుగా పొట్లం వెనుక రాసి ఉన్న పదార్థాల పట్టిక చదవాలి. కొన్ని షీట్లలో వెన్న ఉంటుంది, కొన్నింటిలో వనస్పతి కొవ్వు ఉంటుంది. వెన్న సుమారు 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది కాబట్టి నోట్లో పెట్టుకోగానే కరిగిపోతుంది, రుచి కూడా దానిదే. పఫ్ కోసం తయారుచేసే వనస్పతి కొవ్వు అంతకంటే ఎక్కువ వేడి దగ్గర కరుగుతుంది, అందువల్ల వంటగది వేడిగా ఉన్నా చేతికి లొంగుతుంది, కాకపోతే తిన్న తర్వాత అంగిలికి ఏదో అంటుకున్నట్టు ఉంటుంది. తీపి పేస్ట్రీలకు వెన్న షీట్లు, ఘాటైన మసాలా పూర్ణాలకు మరో రకం వాడినా నష్టం లేదని నా అభిప్రాయం. పఫ్ షీటు పక్కనే కాగితంలా పలచగా ఉండే ఫిలో షీట్లు, డబ్బాలో చుట్టి వచ్చే క్రొసాంట్ (నెలవంక ఆకారపు పొరల రొట్టె) పిండి కూడా కనిపిస్తాయి. ఫిలోలో కొవ్వు దాదాపుగా ఉండదు కనుక ప్రతి పొరకూ కరిగించిన వెన్న పూయాలి, పని చేస్తున్నంతసేపూ మిగిలిన షీట్ల మీద తడిగుడ్డ కప్పి ఉంచాలి. క్రొసాంట్ పిండి ఈస్టు కలిపినదైతే ఆకారం ఇచ్చిన తర్వాత పొంగడానికి సమయం కావాలి. మొదటిసారి చేసేవారికి పఫ్ షీటే అనువైనది. దానితో చేసిన పేస్ట్రీ ఈస్టు పిండితో చేసే అచ్చమైన డేనిష్ పేస్ట్రీలా మెత్తగా, సాగేలా ఉండదు, కరకరలాడుతుంది. ఆ తేడాను ముందే తెలుసుకుని మొదలుపెట్టడం మంచిది.

గడ్డకట్టిన షీటును ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. తొందరగా కావాలంటే బయట 30 నుంచి 40 నిమిషాలు ఉంచితే చాలు, కానీ దాన్ని మరిచిపోయి వేరే పనిలో పడకూడదు. మడత విప్పినప్పుడు పగుళ్లు రాకుండా తెరుచుకోవాలి, అదే సమయంలో అరచేయి ఆనిస్తే చల్లగా తగలాలి. ఈ చల్లదనం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, పిండిలోనూ వెన్నలోనూ ఉన్న నీరు ఓవెన్ వేడికి ఆవిరై, తన ఘనపరిమాణానికి సుమారు 1600 రెట్లు వ్యాపిస్తూ పొరలను పైకి ఎత్తుతుంది. పొరకూ పొరకూ మధ్య వెన్న విడిగా నిలిచి ఉన్నప్పుడే ఇది జరుగుతుంది. వెన్న ముందే కరిగి పిండిలోకి ఇంకిపోతే ఆ ఆవిరికి ఎత్తడానికి పొరలే మిగలవు, చివరికి వచ్చేది నూనె కారే బిస్కట్టు. అందుకని పని మధ్యలో షీటు మెత్తబడి చేతికి అంటుకుంటున్నట్టు అనిపిస్తే, మరింత మైదా చల్లి సరిపెట్టుకోకుండా, ట్రేతో సహా ఫ్రిజ్‌లో 15 నిమిషాలు ఉంచడమే సరైన పని.

కోయడానికి పదునైన కత్తి కావాలి, దాన్ని లాగకుండా నిటారుగా కిందికి నొక్కాలి. కోసిన ముక్కను కంటి ఎత్తుకు తెచ్చి అంచును పరిశీలించండి. సరిగ్గా తెగిన అంచులో తెలుపు, లేత పసుపు గీతలు పుస్తకం పుటల్లా ఒకదానిపై ఒకటి కనిపిస్తాయి. మొండి కత్తితో లాగి కోసిన అంచులో ఆ గీతలు ఒకదానిలోకి ఒకటి నలిగి అతుక్కుపోయి ఉంటాయి, ఓవెన్‌లో ఆ వైపు లేవకుండా పేస్ట్రీ ఒక పక్కకు ఒరిగిపోతుంది. సుమారు 10 సెంటీమీటర్ల చదరపు ముక్కలు కోసుకుంటే అన్ని ఆకారాలకూ పనికొస్తాయి. 375 గ్రాముల షీటు ఒకదానిలో సాధారణంగా ఆరు ముక్కలు వస్తాయి.

ఇక పూర్ణం సంగతి. నేను మొదటిసారి చేసినప్పుడు సీసాలోని జామ్‌ను నేరుగా, చేతికి అడ్డు లేకుండా, రెండేసి చెంచాలు పెట్టి మూసేశాను. పది నిమిషాలకే జామ్ ఉడికి, పొంగి, అతుకులన్నీ విప్పుకుని ట్రే మీదికి పారింది. చక్కెర మాడి నల్లటి తారులా గట్టిపడింది, పేస్ట్రీలను ట్రేలో పరిచిన బేకింగ్ కాగితంతో సహా ఊడబీకవలసి వచ్చింది. మామూలు జామ్ వేడికి నీరుకారుతుంది. ఓవెన్ వేడికి నిలిచేలా చేసిన జామ్ వేరుగా దొరుకుతుంది, అది లేకపోతే నాలుగు పెద్ద చెంచాల జామ్‌కు ఒక టీ చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపి వాడుకోవచ్చు. ఏ పూర్ణమైనా 10 సెంటీమీటర్ల ముక్కకు ఒక పెద్ద చెంచాకు మించి పెట్టకూడదు. తక్కువైనట్టు కనిపిస్తుంది కానీ సరిపోతుంది.

బేకరీ రుచికి అన్నింటికంటే దగ్గరగా వచ్చేది క్రీమ్ చీజ్ పూర్ణం. గది వేడికి వచ్చిన 200 గ్రాముల క్రీమ్ చీజ్‌లో 50 గ్రాముల చక్కెర, ఒక గుడ్డు పచ్చసొన, రెండు టీ చెంచాల కార్న్‌ఫ్లోర్, అర టీ చెంచా వెనిల్లా, చిటికెడు ఉప్పు వేసి గరిటెతో ఉండలు లేకుండా కలిపితే చాలు. మిషన్‌తో ఎక్కువసేపు గిలకొడితే గాలి చేరి, ఓవెన్‌లో ఉబ్బి, బయటికి తీశాక గుంటపడుతుంది. దిమ్మగా వచ్చే చీజ్‌నే వాడాలి. రొట్టె మీద పూసుకోవడానికి డబ్బాలో అమ్మే మెత్తటి రకంలో తడి ఎక్కువ. ఈ పూర్ణం మీద మధ్యలో ఒక టీ చెంచా జామ్ పెడితే తీపి, పులుపు రెండూ అందుతాయి. ఇది పన్నెండు ముక్కలకు, అంటే రెండు షీట్లకు సరిపోతుంది.

కస్టర్డ్ పూర్ణానికి కస్టర్డ్ పొడి మంచి దగ్గరిదారి. గుడ్డు లేని ఈ పొడిని 1837లో ఇంగ్లండ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ గుడ్లు పడని తన భార్య కోసం తయారుచేశారు, అందులో ప్రధానంగా ఉండేది కార్న్‌ఫ్లోరే. పొట్లం మీద రాసిన కొలత గిన్నెలో పోసుకుని తినే పలచని కస్టర్డ్‌కు ఉద్దేశించినది కాబట్టి పేస్ట్రీకి పనికిరాదు. 250 మిల్లీలీటర్ల పాలకు మూడు పెద్ద చెంచాల పొడి, మూడు పెద్ద చెంచాల చక్కెర వేసి, బుడగలు వచ్చేదాకా కలుపుతూ ఉడికించి, చివర ఒక చెంచా వెన్న వేసి దించాలి. పైన తొక్క కట్టకుండా ప్లాస్టిక్ పొరను కస్టర్డ్‌కు ఆనేలా కప్పి, పూర్తిగా చల్లారనివ్వాలి. గోరువెచ్చగా ఉన్నా పిండి మీద పెట్టకూడదు, ఎందుకంటే ఆ వెచ్చదనానికే కింది వెన్న కరగడం మొదలవుతుంది.

పండ్లలో ఎప్పుడూ మనం ఊహించినదానికంటే ఎక్కువ రసం ఉంటుంది. గడ్డకట్టించిన బెర్రీలు 200 గ్రాములు, చక్కెర 40 గ్రాములు కలిపి పొయ్యి మీద పెట్టి, రసం ఊరిన తర్వాత రెండు చెంచాల చల్లటి నీటిలో కలిపిన ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్ పోసి, ఒక నిమిషం గట్టిగా మరగనివ్వాలి. మరగకపోతే పిండి రుచి వస్తుంది, చిక్కదనం కూడా నిలవదు. నిమ్మరసం వేయదలిస్తే దించిన తర్వాతే వేయాలి. డబ్బాలో వచ్చే చిక్కటి పండ్ల పూర్ణం వాడితే పండ్ల ముక్కలను చెంచాతో ఏరి తీసుకుని పాకాన్ని డబ్బాలోనే వదిలేయడం మేలు. యాపిల్, బేరి పండ్లను పచ్చిగా పెట్టదలిస్తే, వాటి కింద బాదం మిశ్రమం పలచగా పరిస్తే ఊరిన రసాన్ని అది పీల్చుకుంటుంది. బాదం పొడి, చక్కెర, మెత్తటి వెన్న ఒక్కొక్కటి 50 గ్రాములు, ఒక గుడ్డు కలిపితే ఆ మిశ్రమం తయారవుతుంది. చాక్లెట్‌కు ఇంత తతంగం అక్కర్లేదు, బారులోంచి రెండు బిళ్లలు విరిచి పెట్టి చుట్టేయవచ్చు. ఉప్పటి పూర్ణాలకు కూడా నియమం ఒక్కటే: పుట్టగొడుగులైతే నీరంతా ఇగిరేదాకా వేయించాలి, పాలకూరైతే ఉడికించి పిడికిట్లో పెట్టి పిండాలి, ఏదైనా పూర్తిగా చల్లార్చాలి.

ఆకారాలు ఎన్నో ఉన్నాయి కానీ కొత్తవారు చట్రంతో మొదలుపెడితే ఓడిపోరు. చదరపు ముక్క మీద అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపలగా నాలుగు వైపులా కత్తితో సగం మందం వరకు మాత్రమే గీత గీసి, గీత లోపలి భాగాన్ని ఫోర్కుతో అక్కడక్కడా పొడిచి, అక్కడ పూర్ణం పెట్టాలి. పొడిచిన చోటు ఆవిరిని వదిలేసి అణిగి ఉంటుంది, పొడవని అంచు గోడలా లేస్తుంది. త్రికోణంగా మడిచి మూసేటప్పుడు అంచులకు నీటి తడి రాసి, ఫోర్కుతో నొక్కి, పైన రెండు గాట్లు పెట్టాలి; గాట్లు లేకపోతే ఆవిరి తన దారి తానే చూసుకుంటుంది. గాలిమర ఆకారానికి నాలుగు మూలల నుంచి మధ్యకు కోసుకుంటూ వచ్చి, మధ్యలో రెండు సెంటీమీటర్లు వదిలి, ఒకటి విడిచి ఒక మూలను మధ్యకు మడిచి గట్టిగా నొక్కాలి. ఆ మూలలు ఓవెన్‌లో విప్పుకోవడానికి చూస్తాయి, గుడ్డు తడి పెట్టి పూర్ణంలోకి దిగేలా వేలితో అదిమితేనే నిలుస్తాయి.

ఆకారాలిచ్చిన ముక్కలను ట్రేతో సహా 20 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, ఆ సమయంలో ఓవెన్‌ను 200 డిగ్రీలకు, ఫ్యాన్ ఉంటే 180 డిగ్రీలకు వేడిచేయాలి. ఇళ్లలోని ఓవెన్లు చూపించే అంకెకూ లోపలి వేడికీ పొంతన ఉండకపోవడం మామూలే, లోపల వేలాడదీసే చిన్న థర్మామీటరు ఒకటి కొనుక్కుంటే ఆ అనుమానం తీరిపోతుంది. ఒక గుడ్డును చెంచాడు పాలతో గిలకొట్టి పైన బ్రష్షుతో పలచగా పూయాలి, కోసిన అంచుల మీదికి మాత్రం కారనివ్వకూడదు. అది ఉడికి పొరలను జిగురులా పట్టేస్తుంది. గుడ్డు వద్దనుకుంటే క్రీమ్ గానీ పాలు గానీ పూయవచ్చు, మెరుపు కొంత తగ్గుతుంది. కాల్చడానికి 18 నుంచి 22 నిమిషాలు పడుతుంది, మొదటి 12 నిమిషాలు తలుపు తీయకూడదు.

ఇంట్లో చేసిన పేస్ట్రీ బేకరీదానిలా ఉండకపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం తొందరగా బయటికి తీయడమే. పైన బంగారు రంగు రాగానే అయిపోయిందనుకుంటాం, కానీ అప్పటికి లోపలి పొరలు ఇంకా పచ్చిగా, పిండి పిండిగా ఉంటాయి. ముదురు గోధుమ రంగు వచ్చేదాకా ఆగాలి. ఒకదాన్ని గరిటెతో ఎత్తి అడుగు చూడండి: అడుగు కూడా గోధుమ రంగులో గట్టిగా ఉండి, ముక్క వంగకుండా నిలిస్తేనే తీయాలి. అడుగు ఎప్పుడూ మెత్తగానే మిగిలిపోతుంటే, మరో మందపాటి ట్రేను ఓవెన్‌తో పాటే ఖాళీగా వేడిచేసి, పేస్ట్రీలను కాగితంతో సహా దాని మీదికి జార్చాలి. తీసిన వెంటనే జాలీ మీదికి మార్చకపోతే అడుగున చేరిన ఆవిరి మళ్లీ వాటిని మెత్తబరుస్తుంది.

బేకరీ అద్దాల వెనుక కనిపించే ఆ నిగారింపుకు రెండు చెంచాల ఆప్రికాట్ జామ్‌లో ఒక చెంచా నీరు కలిపి వేడిచేసి, వడకట్టి, పేస్ట్రీ వేడిగా ఉండగానే పూస్తే సరిపోతుంది. తెల్లటి గీతలు కావాలంటే 100 గ్రాముల ఐసింగ్ షుగర్‌లో మూడు, నాలుగు టీ చెంచాల పాలు కొద్దికొద్దిగా కలిపి, పూర్తిగా చల్లారిన తర్వాత చెంచాతో జారవిడవాలి.

చేసిన రోజే తినడం ఉత్తమం. క్రీమ్ చీజ్, కస్టర్డ్ పెట్టినవాటిని రెండు గంటలకు మించి బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి, తినే ముందు 160 డిగ్రీల ఓవెన్‌లో ఆరేడు నిమిషాలు వేడిచేయాలి. మైక్రోవేవ్‌లో పెడితే తోలులా సాగుతాయి. కోతల్లో మిగిలిన ముక్కలను ఉండగా పిసికితే పొరలు పోతాయి, ఒకదానిపై ఒకటి పేర్చి వత్తుకుంటే చక్కెర చల్లిన పుల్లలకు పనికొస్తాయి. ఒకేసారి అన్నీ కాల్చనవసరం కూడా లేదు. జామ్, చాక్లెట్, బాదం పెట్టిన పచ్చి పేస్ట్రీలను ట్రే మీద విడివిడిగా గడ్డకట్టించి, సంచిలో వేసి ఒక నెల వరకు ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు. కావలసినప్పుడు వాటిని కరగనివ్వకుండా, గుడ్డు పూసి నేరుగా వేడి ఓవెన్‌లోకి పంపి, మామూలు సమయానికి మరో ఐదు నిమిషాలు కలిపి కాల్చాలి.