ఇంట్లో ఉప్పునీటి అక్వేరియంలో పెంచడానికి వేసవికి ముందు సజీవ పగడాలు కొంటున్నారా?

• గట్టి పగడాలు (రాతిలాంటి అస్థిపంజరం ఉన్నవి), సముద్రపు విసనకర్రలు (విసనకర్రలా విచ్చుకునే ‘సీ ఫ్యాన్’ పగడాలు) వద్దు. భారత్‌లో ఇవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉన్నాయి; పట్టుబడితే జైలుశిక్ష పడవచ్చు. “అందరూ పెంచుతున్నారండీ” అనే దుకాణదారు మాట కోర్టులో చెల్లదు.

• జోయాంథిడ్‌లు (గుండీల్లా గుంపుగా పెరిగే, పగడాల బంధువులైన జీవులు) ముద్దుగానే ఉంటాయి, కానీ కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే ప్రాణాంతక విషం ఉంటుంది. చేతి తొడుగులు, రక్షణ కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. అవి పట్టిన రాయిని ఎన్నడూ ఉడికించవద్దు. ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవారున్నారు.

• జీనియా అనే మెత్తని పగడాన్ని విడి రాయిమీదే పెట్టండి. లేకపోతే పాకిపోయి తొట్టంతా దానిదే.

• తోలు పగడం (‘లెదర్ కోరల్’ అనే మెత్తని పగడం) వదిలే రసాయనాలు పక్కవాటిని ఎదగనివ్వవు. వాటిని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ (నీటిని శుద్ధిచేసే బొగ్గు) వాడండి.

• మధ్యాహ్నం కరెంటు పోతే నీటి వేడి ఎంతకు చేరుతుందో కొనకముందే కొలవండి. 30 డిగ్రీలు దాటుతుంటే ముందు చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం), తర్వాతే పగడం.