బండితో సరిహద్దు దాటాలంటే: ఇన్సూరెన్స్, కార్నే, కస్టమ్స్ కాగితాల గొడవ

ఆ బోర్డర్‌లో కస్టమ్స్ ఆయన నా పాస్‌పోర్ట్ వైపు సరిగ్గా చూడను కూడా లేదు. ఆర్సీ చేత్తో పట్టుకుని హ్యాండిల్ కిందకి వంగి, ఛాసిస్ నంబర్ ఎక్కడ అన్నట్టు వేలితో అడిగాడు. రెండు రోజులు వానలో తిరిగిన బండి, స్టీరింగ్ హెడ్ అంతా బురద పట్టేసి ఉంది, పైగా కేబుళ్లు అడ్డం. రుమాలు తడిపి తుడిచి, ఫోన్ లైట్ వేసి, 17 అక్షరాలూ ఒక్కొక్కటీ ఆయనతో కలిసి చదివేసరికి వెనక క్యూ మొత్తం నన్నే చూస్తోంది. అప్పటినుంచి ఆ నంబర్ ఫొటో ఫోన్‌లో పెట్టుకుంటున్నాను, బోర్డర్‌కి ముందు వచ్చే పెట్రోల్ బంకులో ఆగి ఆ చోటు తుడుచుకుని మరీ వెళ్తున్నాను.

మొదటి టూర్‌కి వెళ్లేవాళ్లకి అర్థం కానిది ఇదే. సరిహద్దు దాటేది మీరొక్కరే కాదు, మీ బండి కూడా, వేరేగా. మీకు ఇమ్మిగ్రేషన్, బండికి కస్టమ్స్. మీకు వీసా ఉన్నంత మాత్రాన బండిని రానిస్తారని లేదు, ఇద్దర్నీ రానిచ్చినా రోడ్డెక్కడానికి ఆ దేశంలో చెల్లే ఇన్సూరెన్స్ ఉండాలి. ఈ మూడిటినీ మూడు వేర్వేరు ఫైళ్లుగా అనుకుంటే సగం టెన్షన్ పోతుంది.

ఇన్సూరెన్స్‌తో మొదలుపెడదాం, ఎక్కువమంది బోల్తా పడేది అక్కడే. కంపెనీకి ఫోన్ చేసి "ఫలానా దేశం కవర్ అవుతుందా" అని అడిగితే "అవుతుందండీ" అంటారు. ఆ అవడం ఎదుటివాడికి జరిగే నష్టం వరకేనా, మీ సొంత బండి డ్యామేజీకి కూడానా, దొంగతనానికి కూడానా అనేది వాళ్లు చెప్పరు, మనకి అడగాలని తట్టదు. ఒకసారి నాకు ఫోన్‌లో "యూరప్ మొత్తం ఉంది" అని ధైర్యం చెప్పిన మనిషే, తీరా కాగితం (దాన్నే గ్రీన్ కార్డ్ అంటారు, కింద చెప్తాను) వచ్చాక చూస్తే, నేను వెళ్లాల్సిన రెండు దేశాల కోడ్‌లు కొట్టేసి పంపాడు. అందుకే మెయిల్‌లోనే అడగండి, జవాబు రాతలోనే తీసుకోండి. ఏయే దేశాలు, ఒక్కో ట్రిప్పుకి గరిష్ఠంగా ఎన్ని రోజులు, వెనక కూర్చునేవాళ్లకి వర్తిస్తుందా, క్రాష్ గార్డులూ పన్నియర్లూ (పక్కన తగిలించే పెట్టెలు) బిగించిన సంగతి వాళ్ల రికార్డులో ఉందా, బండి పాడైతే ఇంటిదాకా చేర్చే ఖర్చు ఎవరిది. చాలా పాలసీల్లో దేశం దాటాక ఫుల్ కవర్ కొన్ని రోజులకే పరిమితం, ఆ తర్వాత అది ఉత్త థర్డ్ పార్టీగా మారిపోతుంది. మూడు నెలల ట్రిప్పు వేసుకున్నవాళ్లు ఈ ఒక్క లైను కోసమైనా పాలసీ మొత్తం చదవాలి.

గ్రీన్ కార్డ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాని మీద అపోహలు చాలా ఉన్నాయి. అది విడిగా కొనుక్కునే ఇన్సూరెన్స్ కాదు. మీ సొంత పాలసీ వేరే దేశంలో, ఆ దేశ చట్టం అడిగే కనీస థర్డ్ పార్టీ మేరకు చెల్లుతుందని చూపించే కాగితం, అంతే. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం 1949లో సిఫారసు చేస్తే 1953లో ఈ పద్ధతి అమల్లోకి వచ్చింది, ఇప్పుడు బ్రసెల్స్‌లోని కౌన్సిల్ ఆఫ్ బ్యూరోస్ దీన్ని నడుపుతోంది. మీరు ఒక దేశంలో ఎవరినైనా గుద్దారనుకోండి, అక్కడి బ్యూరో (ఆ దేశపు ఇన్సూరెన్స్ కంపెనీల ఉమ్మడి సంస్థ) బాధితుడి క్లెయిమ్ చూసుకుని, ఆ డబ్బు మీ కంపెనీ దగ్గర రాబట్టుకుంటుంది. బాధితుడు మీ దేశం వరకు తిరగక్కర్లేదు. 40కి పైగా దేశాలు ఇందులో ఉన్నాయి, యూరప్ బయట మొరాకో, ట్యునీషియా, ఇరాన్ లాంటివి కూడా.

కార్డు చేతికి రాగానే చూడాల్సింది గళ్లు. ఒక్కో గడిలో ఒక్కో దేశం కోడ్ ఉంటుంది, టీఆర్ అంటే తుర్కియే, ఎమ్ఏ అంటే మొరాకో. కోడ్ మీద అడ్డగీత ఉంటే ఆ దేశంలో అది చిత్తుకాగితంతో సమానం. ఆ తర్వాత బండి నంబర్ ఒక్కో అక్షరం సరిచూడండి. ఆంగ్ల 'ఓ' ఉండాల్సిన చోట సున్నా పడిందంటే, ఇంట్లో కూర్చుని నవ్వుకుంటాం గానీ, రాత్రి పదింటికి బారికేడ్ దగ్గర నవ్వు రాదు. పేరుకి గ్రీన్ కార్డే గానీ 2020 జులై నుంచి తెల్ల కాగితం మీద నల్ల అక్షరాల్లో ప్రింట్ తీసుకున్నా చెల్లుతుంది, కాబట్టి పచ్చగా లేదని కంగారు పడకండి. ఫోన్‌లో పీడీఎఫ్ మాత్రమే నమ్ముకోకండి, రెండు ప్రింట్లు బండిలో, ఒకటి బ్యాగులో పెట్టుకోండి.

యూరోపియన్ ఎకనామిక్ ఏరియా (యూరోపియన్ యూనియన్ దేశాలు, నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్) లోపల తిరిగే అక్కడి బండ్లకి ఈ కార్డు అడగరు, నంబర్ ప్లేటే సాక్ష్యం. బ్రిటన్ బండ్లకి కూడా 2021 ఆగస్టు నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఈ కార్డు అక్కర్లేదు, కాకపోతే బండి మీద జీబీ బదులు యూకే గుర్తు ఉండాలి.

తుర్కియే వెళ్లేవాళ్లకి ఒక చిన్న మెలిక. టీఆర్ గడి శుభ్రంగా ఉన్నా, కొన్ని పాలసీల్లో సొంత బండి డ్యామేజీ, దొంగతనం కవర్ మాత్రం 'భౌగోళికంగా యూరప్' వరకే ఉంటుంది. అంటే ఇస్తాంబుల్‌లో బాస్ఫరస్ వంతెన దాటి ఆసియా వైపు వెళ్లిన మరుక్షణం బండికి ఏమైనా ఖర్చు మీదే. సైప్రస్‌లో ఉత్తర భాగానికి గ్రీన్ కార్డ్ చెల్లదు, అటు దాటే చెక్‌పోస్ట్ దగ్గర వేరేగా కొనాలి. కొసావో ఆ వ్యవస్థలోనే లేదు, అక్కడా బోర్డర్‌లో కొనాల్సిందే. జార్జియా 2018 మార్చి నుంచి విదేశీ బండ్లన్నిటికీ తమ దేశపు ఇన్సూరెన్స్ తప్పనిసరి చేసింది.

బోర్డర్‌లో కొనే ఇన్సూరెన్స్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు, గేటు పక్కన ఒక చిన్న కంటైనర్ గది, అందులో ఒక మనిషి, ఒక ప్రింటర్. గ్రీన్ కార్డ్ వ్యవస్థలో లేని దేశాల బండి వేసుకుని యూరప్ వెళ్తే మీకు దారి ఇదే, ఒక దేశంలో కొన్నది మొత్తం యూరోపియన్ ఎకనామిక్ ఏరియాకి పనికొస్తుంది. కానీ ప్రతి పోస్టులోనూ అమ్మరు. అందుకే ఏ పోస్టులో అమ్ముతారో, రాత్రిళ్లు తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కుని ఆ దారిలో వెళ్లండి. కొన్నాక అక్కడే నిలబడి మొదలయ్యే తేదీ, టైమ్ చదవండి. రేపటి తేదీ వేసి ఇస్తే ఇవాళ మీకు ఇన్సూరెన్స్ లేనట్టే.

మిగతా ఖండాల్లో కూడా ఇలాంటి కార్డులు ఉన్నాయి, రంగు మారుతుంది. తూర్పు, దక్షిణ ఆఫ్రికా ప్రాంతంలో కొమెసా అనే దేశాల కూటమి వాళ్ల యెల్లో కార్డ్, పశ్చిమ ఆఫ్రికాలో ఎకోవాస్ అనే కూటమి వాళ్ల బ్రౌన్ కార్డ్, అరబ్ దేశాల మధ్య ఆరెంజ్ కార్డ్. ఒక దేశంలో లోకల్ పాలసీ తీసుకుని, దాని మీద కార్డు రాయించుకుంటే పక్క దేశాల్లో మళ్లీ మళ్లీ కొనే పని తప్పుతుంది. లాటిన్ అమెరికాలో పెరూ, కొలంబియాల్లో సోఆట్ (SOAT) అనే తప్పనిసరి పాలసీ ఉంటుంది, అది మనుషుల గాయాలకే, ఎదుటి కారు డోర్‌కి కాదు. చిలీలో విదేశీ బండ్లకి సోఆపెక్స్ (SOAPEX) అనే పాలసీ, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మెక్సికోలో అమెరికా, కెనడా థర్డ్ పార్టీ పాలసీలు చెల్లవు, మెక్సికన్ కంపెనీది తీసుకోవాలి. యాక్సిడెంట్ అయ్యాక బాధ్యత తేలేదాకా కూర్చోబెట్టే దేశం అది, కాబట్టి అక్కడ పొదుపు చూడకండి.

అసలు అడగనే అడగని దేశాలూ ఉన్నాయి, అవి ఇంకో రకం ప్రమాదం. న్యూజిలాండ్‌లో ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు, గాయాల ఖర్చు ప్రభుత్వ పథకం చూసుకుంటుంది. దక్షిణాఫ్రికాలో గాయాల నిధి పెట్రోల్ మీద వేసే లెవీతో నడుస్తుంది. రెండు చోట్లా మీరు ఖరీదైన కారుని గీరితే ఆ బిల్లు మాత్రం మీదే. అడగలేదు కదా అని ఊరుకోకుండా థర్డ్ పార్టీ ఆస్తి నష్టం పాలసీ తీసుకోవడమే తెలివైన పని.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఎదుటివాళ్ల గురించీ, బండి గురించీ. మీ కాలు విరిగితే వీటిని నమ్ముకోలేం, దానికి ట్రావెల్ ఇన్సూరెన్స్ కావాలి. అందులో 125 సీసీ దాటిన బండ్లకి వర్తించదనో, యాడ్-ఆన్ తీసుకోవాలనో చిన్న అక్షరాల్లో రాసి ఉండటం మామూలే. హెల్మెట్, సరైన లైసెన్స్ లేకపోతే డబ్బు ఇవ్వబోమని కూడా.

లైసెన్స్ అంటే గుర్తొచ్చింది, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఒక్క రకం కాదు. 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చేది ఒకటి, 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చేది ఇంకొకటి. జపాన్ 1949ది మాత్రమే ఒప్పుకుంటుంది, వియత్నాం 1968ది. తప్పు రకం చేత్తో పట్టుకుని నడిపితే చట్టం దృష్టిలో లైసెన్స్ లేనట్టే, అప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీకి క్లెయిమ్ తోసిపుచ్చడానికి మనమే కారణం ఇచ్చినట్టు. పర్మిట్‌లో 'ఏ' కేటగిరీ (మోటార్‌సైకిల్) గడిలో స్టాంపు పడిందో లేదో చూడండి, కారు గడిలో మాత్రమే వేసి ఇచ్చిన సందర్భాలు విన్నాను. ఒరిజినల్ లైసెన్స్ లేకుండా పర్మిట్ ఒక్కటే చెల్లదు.

ఇక బండి ఫైలు. ఏ దేశమైనా మీ బండిని తాత్కాలిక దిగుమతిగానే చూస్తుంది. తెచ్చుకో, తిరుగు, అమ్మకుండా తీసుకెళ్లిపో అని. ఎన్ని రోజులు అనేది మీ వీసాతోనే ముడిపడి ఉంటుందని లేదు. యూరోపియన్ యూనియన్‌లో బయటి బండికి మామూలుగా ఆరు నెలలు ఇస్తారు, కానీ వీసా అక్కర్లేని పర్యాటకుడికి కూడా షెంగెన్‌లో (మధ్యలో పాస్‌పోర్ట్ తనిఖీలు ఎత్తేసిన యూరప్ దేశాల ప్రాంతం) 180 రోజుల్లో 90 రోజులే. తుర్కియేలో బండిని మీ పాస్‌పోర్ట్‌కి ముడివేసి ఎక్కిస్తారు. ఇంట్లో అర్జెంటు పని పడింది, బండి ఇక్కడ వదిలి విమానం ఎక్కేస్తానంటే కుదరదు, ముందు కస్టమ్స్‌తో తేల్చుకోవాలి. మెక్సికోలో సరిహద్దు జోన్ దాటి లోపలికి వెళ్లాలంటే 180 రోజుల పర్మిట్ తీసుకుని, బండి మోడల్ సంవత్సరాన్ని బట్టి 200 నుంచి 400 డాలర్ల డిపాజిట్ కట్టాలి. గడువులోపు వెనక్కొచ్చి క్యాన్సిల్ చేయించుకుంటేనే ఆ డబ్బు తిరిగొస్తుంది.

కొన్ని దేశాలు మీ మాట నమ్మవు, హామీ కావాలంటాయి. అదే కార్నే, బండికి పాస్‌పోర్ట్ అనుకోండి. ఇరాన్, పాకిస్తాన్, భారత్, నేపాల్, ఈజిప్ట్ వైపు వెళ్లేవాళ్లకి ఇది లేకుండా కష్టం. బండి రిజిస్టర్ అయిన దేశంలోని మోటార్ క్లబ్ ఇస్తుంది, ఒక సంవత్సరం చెల్లుతుంది, బండి విలువని బట్టి డిపాజిట్ గానీ బ్యాంక్ గ్యారంటీ గానీ అడుగుతుంది. మీరు బండిని ఆ దేశంలోనే వదిలేస్తే అక్కడి సుంకం క్లబ్ కడుతుంది, క్లబ్ మీ డిపాజిట్‌లోంచి లాక్కుంటుంది.

కార్నే పేజీ ఎలా ఉంటుందో ఇంట్లోనే ఒకసారి చూసుకోండి, ఎందుకంటే చిన్న పోస్టుల్లో ఆఫీసర్లకి దాన్ని ఎలా నింపాలో మీరే చూపించాల్సి రావచ్చు. పేజీకి మూడు భాగాలు. లోపలికి వెళ్లేటప్పుడు కింది ముక్క చించుకుని పై ముక్క మీద స్టాంపు వేస్తారు. బయటికి వచ్చేటప్పుడు మధ్య ముక్క చించుకుని, అదే పై ముక్క మీద రెండో స్టాంపు. పై ముక్క ఎప్పుడూ పుస్తకంలోనే ఉండాలి, దాని మీద రెండు స్టాంపులూ ఉండాలి. పొరపాటున మధ్య ముక్క కూడా ముందే చించేస్తుంటే మర్యాదగా ఆపండి.

పత్రాల్లో ఇంకో రెండు సంగతులు. బండి మీ పేరున లేకపోతే యజమాని ఇచ్చిన నోటరీ అనుమతి పత్రం కావాలి, లోన్ మీద ఉంటే ఫైనాన్స్ కంపెనీ నుంచి దేశం దాటించొచ్చని ఉత్తరం. ఇది తెప్పించుకోవడానికి వారాలు పడుతుంది, అన్నిటికంటే ముందు దీనికే రాయండి. ఒంటి మీద వేసుకునే గేర్ రూల్స్ కూడా దేశానికొకటి. ఫ్రాన్స్‌లో సీఈ గుర్తు (యూరప్ భద్రతా ప్రమాణాల గుర్తు) ఉన్న గ్లవ్స్ తప్పనిసరి, రిఫ్లెక్టివ్ జాకెట్ చేతికి అందేలా ఉండాలి.

యూరప్‌లో యాక్సిడెంట్ అయితే అక్కడికక్కడే నింపే ఒక ఉమ్మడి ఫారం ఉంది. ఏ భాషలో ప్రింట్ చేసినా గళ్ల వరుస ఒకటే. మీకు వచ్చిన భాషలోది ఒకటి దగ్గర పెట్టుకుంటే ఎదుటివాడి ఫ్రెంచ్ ఫారంలో ఏ గడిలో ఏముందో పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. అర్థం కాని కాగితం మీద మాత్రం ఎంత తొందరపెట్టినా సంతకం పెట్టకండి, ముందు ఫొటోలు తీయండి, ఎదుటి బండి నంబర్, పాలసీ నంబర్ రాసుకోండి.

చివరిగా బయటికి వచ్చే రోజు. ఇంటికి వెళ్తున్న హుషారులో ఇమ్మిగ్రేషన్ కిటికీ దగ్గర స్టాంపు పడగానే గేటు వైపు పోతాం, కస్టమ్స్ కిటికీ ఎక్కడో పక్కన ఉంటుంది, గేటు దగ్గర ఎవరూ ఆపకపోవచ్చు కూడా. అలా వచ్చేస్తే కాగితాల ప్రకారం మీ బండి ఇంకా ఆ దేశంలోనే ఉంది, నెలల తర్వాత సుంకం కట్టమని నోటీసు వస్తుంది, లేదా మళ్లీ వెళ్లినప్పుడు పాత బండి లెక్క అడుగుతారు. బండిని ఓడలోనో విమానంలోనో పంపించినా ఇదే, పోర్టులో ఎగ్జిట్ స్టాంపు వేయించుకున్నాకే క్రేట్‌కి మేకులు కొట్టనివ్వండి. కార్నే ఉన్నవాళ్లు ఒక స్టాంపు మిస్సయితే, పుస్తకం చివర్లో బండి ఎక్కడుందో ధృవీకరించే పేజీ ఉంటుంది. బండిని ఏదైనా కస్టమ్స్ ఆఫీసుకి తీసుకెళ్లి ఛాసిస్ నంబర్ చూపించి, ఆ పేజీ మీద సంతకం, స్టాంపు వేయించుకుని క్లబ్‌కి పంపితే సాధారణంగా డిపాజిట్ చేతికొస్తుంది. వెళ్లేముందు స్టీరింగ్ హెడ్ తుడుచుకోండి.