పొట్టి కర్రతో మొదలుపెట్టేవాళ్లకు

మాది కర్నూలు. దేవరగట్టు బన్ని కర్రల చప్పుడు వింటూ పెరిగినోళ్లం. "మళ్లీ ఆ ఫిలిప్పీన్స్ కర్రెందుకురా నీకు?" అని మా పెద్దనాయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. మన కర్రసాములో తిప్పేది మనిషెత్తు కర్ర. ఫిలిప్పీన్స్‌ది సుమారు 28 అంగుళాల పొట్టిది, ఎదుటోడు చెయ్యి చాచితే అందేంత దగ్గర్లో ఉంటాడు. ఆటే వేరు.

ఈ ఫిలిప్పీన్స్ కర్రసాముకు ఆర్నిస్, ఎస్క్రిమా, కాలి అని మూడు పేర్లు వినిపిస్తాయి, కంగారుపడొద్దు, దాదాపు ఒకటే విద్య. 2009లో ఆ దేశం ఆర్నిస్‌ను జాతీయ క్రీడగా చట్టం చేసింది.

కర్ర దగ్గర కక్కుర్తి వద్దు. నేను వెదురుతో మొదలుపెట్టి, అది చీలి అరచేతిలో పేడు దిగి వారం రోజులు ఎడమచేత్తో సంగటి తిన్నా. పేము కర్ర కొనండి. అది పీచులేస్తుందే గానీ పుల్లలుగా విరగదు. కింద పిడికిలంత వదిలి పట్టుకోండి. బొటనవేలు కర్ర మీద చాపొద్దు, ముందు దెబ్బ దానికే.

మొదట సినావలి, అంటే రెండు కర్రలతో తడిక అల్లినట్టు. కుడి కర్ర కుడి భుజం మీద, ఎడమది కుడి చంక కింద. కుడితో పైన దెబ్బ, ఎడమతో కింద, మళ్లీ కుడితో వెనక్కి పైన. ఇప్పుడు కుడి కర్ర ఎడమ చంకలోకి పోవాల. మళ్లీ ఇదంతా ఎడమ వైపు నుంచి. ఆరు దెబ్బలు. నాకు చంక మార్పు కుదరడానికే పది రోజులు పట్టింది.

కర్ర, బాకు కలిస్తే ఎస్పాడా ఇ దాగా. ఒట్టి చేతులైతే పనంతుకన్, పట్టు పట్టి తోసేది దుమోగ్. ఇండోనేషియా, మలేషియాల యుద్ధవిద్య సిలాట్ జోలికి మాత్రం మోకాళ్లు గట్టిపడినాకే పోండి. అందులో కిందికి వంగి కూర్చునే భంగిమలు ఎక్కువ.