ప్రతి వరుసలో కనిష్ఠం, అది ఉన్న కాలమ్ పేరు: నా అనుభవం

గణాంకాలకు వాడే ఆర్ (R) ప్రోగ్రామింగ్ భాషలో లక్షల వరుసల టేబుల్. ఒక్కో వరుసలో అన్నిటికన్నా చిన్న విలువ, అది ఏ కాలమ్‌లో ఉందో కావాలి. మొదట, ప్రతి వరుసకూ ఒక ఫంక్షన్‌ని నడిపే అప్లై (apply) లోపల, కనిష్ఠం ఉన్న స్థానం చెప్పే విచ్.మిన్ (which.min) పెట్టాను. జవాబు సరైనదే, కానీ వరుసకోసారి ఫంక్షన్‌ని పిలుస్తుంది కాబట్టి చాలా నెమ్మది.

టేబుల్‌ని మ్యాట్రిక్స్‌గా మార్చి, మైనస్ గుర్తు పెట్టి (అప్పుడు కనిష్ఠమే గరిష్ఠమవుతుంది), ప్రతి వరుసలో గరిష్ఠం ఉన్న కాలమ్ నంబర్ చెప్పే మ్యాక్స్.కాల్ (max.col) ఫంక్షన్‌కి ఇచ్చాను. క్షణాల్లో అయిపోయింది. అయితే రన్ చేసిన ప్రతిసారీ కొన్ని వరుసలకు కాలమ్ మారిపోతోంది! నిజంగా టెన్షన్ పడ్డాను. డేటా పాడైందేమో అనుకుని చాలాసేపు అక్కడే వెతికాను.

కారణం టైస్.మెథడ్ (ties.method), అంటే సమాన విలువలొస్తే ఏది ఎంచుకోవాలో మ్యాక్స్.కాల్‌కి చెప్పే సెట్టింగ్. ఏమీ చెప్పకపోతే అది ‘ర్యాండమ్’. సమాన విలువలుంటే ఏదో ఒకటి ఎంచుకుంటుంది. పైగా ఆ పద్ధతిలో 1e-5 (అంటే 0.00001) సాపేక్ష తేడా లోపల ఉన్నవాటినీ సమానంగానే లెక్కిస్తుంది, అంటే అసలు కనిష్ఠం కాని కాలమ్ కూడా రావచ్చు. ఇది నాకు చాలా ప్రమాదకరంగా అనిపించింది. దాని బదులు ‘ఫస్ట్’ (సమానమైనవాటిలో మొదటిది) అని రాయగానే ఫలితం నిలకడగా వచ్చింది.

ఖాళీలు మిగిలాయి. వరుసలో ఒక్క ఎన్ఏ (NA, ఖాళీకి ఆర్ గుర్తు) ఉన్నా జవాబు ఎన్ఏనే. అందుకే మైనస్ పెట్టే ముందే ఎన్ఏల స్థానంలో ఇన్ఫ్ (Inf, అనంతం) పెట్టాను. మొత్తం ఖాళీగా ఉన్న వరుసలకు అప్పుడు మొదటి కాలమ్ వస్తుంది, వాటిని విడిగా ఎన్ఏ చేశాను. వరుస, కాలమ్ నంబర్లను పక్కపక్కన కాలమ్‌లుగా చేర్చే సీబైండ్ (cbind)తో జతచేసి మ్యాట్రిక్స్‌ని ఇండెక్స్ చేస్తే కనిష్ఠ విలువలూ వచ్చేశాయి.