మైనర్‌గా కెమిస్ట్రీ – 4వ పాఠం: బోరు నీటిలో క్లోరైడ్ ఎంత?

పోయిన పాఠంలో మోల్ లెక్కలు చేశాం. బోటనీయో జువాలజీయో మేజర్‌గా చదువుతూ కెమిస్ట్రీని మైనర్‌గా తీసుకున్నవాళ్లకు ఆ లెక్కలు కాగితం మీద బాగానే వస్తాయి. బ్యూరెట్ (ద్రావణాన్ని చుక్కచుక్కగా వదిలి కొలిచే గీతల గొట్టం) ముందు నిలబడగానే టెన్షన్ మొదలవుతుంది. మైనరే కదా, రికార్డు రాసేస్తే సరిపోతుందని మాత్రం అనుకోకండి. 2023-24 నుంచి మన డిగ్రీలో మేజర్, మైనర్ పద్ధతి వచ్చింది. రెండో సబ్జెక్టు కూడా చేతికి రావాలని నా కోరిక.

విశాఖలో తీరం దగ్గరి ఇళ్లలో బోరు నీళ్లు ఉప్పగా వస్తున్నాయన్న మాట మీరూ వినే ఉంటారు. నేలలోని మంచినీటిని అతిగా తోడేస్తే ఆ ఖాళీలోకి సముద్రపు నీరు చొచ్చుకొస్తుంది. ఎంత ఉప్పో చెప్పడానికి నాలుక చాలదు, ఉప్పులోని క్లోరైడ్‌ను పట్టి చూపే సిల్వర్ నైట్రేట్ కావాలి.

పోయినేడు ఒక జువాలజీ మేజర్ అమ్మాయి పెదజాలరిపేటలోని ఇంటి నుంచి సీసాడు బోరు నీళ్లు తెచ్చింది. అందులో 25 మి.లీ.కి ఎంత సిల్వర్ నైట్రేట్ పడుతుందో బ్యూరెట్‌తో కొలిస్తే, మొదటిసారి రీడింగ్ 8.3 మి.లీ. వచ్చింది. తర్వాత రెండుసార్లూ 8.0. తేడా ఎక్కడ వచ్చింది? మొదటిసారి కోనికల్ ఫ్లాస్క్‌ను ఆ బోరు నీటితోనే కడిగింది. అడుగున మిగిలిన ఒక మిల్లీలీటరు నీరు 25 మి.లీ.కి తోడై 26 అయింది. అందుకే ఫ్లాస్క్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో మాత్రమే కడగాలి. అందులో డిస్టిల్డ్ వాటర్ ఎంత మిగిలినా క్లోరైడ్ పెరగదు. 25 మి.లీ. కొలిచి తీసే పిపెట్‌ను మాత్రం బోరు నీటితో, బ్యూరెట్‌ను సిల్వర్ నైట్రేట్‌తో కడగాలి. బ్యూరెట్‌లో కుళాయి నీళ్లు మిగిలి ఉంటే సిల్వర్ నైట్రేట్ పోయగానే లోపల తెల్లగా మసక కడుతుంది. అది కనిపిస్తే పారబోసి మళ్లీ మొదలుపెట్టండి.

ఇప్పుడు 25 మి.లీ. నీటిలో కొద్దిగా పొటాషియం క్రోమేట్ కలపండి. నీరు పసుపుపచ్చగా మారుతుంది. 0.02 మోలార్ (అంటే మి.లీ.కి 0.02 మిల్లీమోల్) సిల్వర్ నైట్రేట్‌ను చుక్కచుక్కగా వదులుతూ ఫ్లాస్క్‌ను తిప్పుతూ ఉండండి. పడిన చోట ఎరుపు మెరుస్తుంది, తిప్పగానే పోతుంది. క్లోరైడ్ ఉన్నంతసేపూ వెండి దానితోనే కలిసి తెల్లటి అవక్షేపంగా దిగుతుంది. సిల్వర్ క్లోరైడ్ నీటిలో కరగడం మరీ తక్కువ కాబట్టి దానిదే మొదటి వంతు. క్లోరైడ్ అయిపోయాకే వెండి క్రోమేట్ వైపు తిరుగుతుంది. పసుపులో లేత ఇటుక ఎరుపు వచ్చి, తిప్పినా పోకుండా నిలిచిన ఆ చుక్కే ఎండ్ పాయింట్. ముదురు ఎరుపు దాకా ఆగితే దాటిపోయినట్టే. ఫ్లాస్క్ కింద తెల్లకాగితం పెట్టుకుంటే రంగు తేలిగ్గా తెలుస్తుంది.

ఫార్ములా బట్టీ పట్టొద్దు, మిల్లీమోల్స్‌లో ఆలోచించండి. డిస్టిల్డ్ వాటర్‌తో ఇదే ప్రయోగం చేస్తే 0.2 మి.లీ. పట్టింది. రంగు కనబడటానికే ఆ మాత్రం ఖర్చవుతుంది, దాన్ని తీసేయాలి. 8.0లో మిగిలింది 7.8. దాన్ని 0.02తో గుణిస్తే 0.156 మిల్లీమోల్ వెండి, అంటే అంతే క్లోరైడ్. క్లోరిన్ పరమాణు భారం 35.45తో గుణిస్తే సుమారు 5.53 మిల్లీగ్రాములు. ఇది 25 మి.లీ.లో ఉన్నది. లీటరుకు 40 రెట్లు, అంటే దాదాపు 221 మిల్లీగ్రాములు. తాగునీటికి భారతీయ ప్రమాణం 250. వేరే నీటి వనరు లేనప్పుడు 1000 వరకు ఒప్పుకుంటారు. తన ఇంటి నీరు 250కి లోపలే ఉందని ఆ అమ్మాయి లెక్క కట్టుకుని మరీ తెలుసుకుంది.

చేతులకు గ్లవ్స్ వేసుకోండి. సిల్వర్ నైట్రేట్ తగిలిన చర్మం నల్లబడి రోజుల తరబడి పోదు. క్రోమేట్ విషం, కాబట్టి మిగిలింది సింక్‌లో పోయకుండా వేరే సీసాలో పోగుచేయండి.

ఇంటిపని: సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 19 గ్రాముల క్లోరైడ్ ఉంటుంది. ఆర్కే బీచ్ నీటిని 25 మి.లీ. నేరుగా తీసుకుంటే 50 మి.లీ. బ్యూరెట్‌ను పదమూడుసార్లు నింపినా చాలదు. ఎందుకో లెక్కేసి చూడండి. ఎంత పలుచన చేస్తే 7 మి.లీ. లోపే ఎండ్ పాయింట్ వస్తుందో కూడా రాసుకోండి. వచ్చే పాఠం ఆ పలుచనతోనే మొదలవుతుంది.