క్రిస్మస్ బిస్కెట్లకు ఓవెన్ పెట్టే ముందు

మా పర్లాకిమిడి డిసెంబరు చలికి ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న ఓ పట్టాన మెత్తబడదు. మధ్యాహ్నం పనికి పొద్దున్నే బయట పెట్టేయండి. వేలితో నొక్కితే గుంట పడాలి, కరిగి కారకూడదు. తొందరపడి స్టవ్ మీద కరిగించారా, ట్రే అంతా పరుచుకుపోతుంది. నిరుడు నా మొదటి ట్రే అలాగే ఒకే అట్టయింది. పిల్లలు మాత్రం విరుచుకుని తినేశారు.

వెన్న ప్యాకెట్ చదవండి. ఉప్పు ఉన్నదైతే పిండిలో మళ్లీ వేయొద్దు.

200 గ్రాముల మైదాకు 130 గ్రాముల వెన్న, 70 గ్రాముల పంచదార పొడి. గుడ్డు లేదు కాబట్టి మార్గశిర గురువారమైనా పక్కింటి ఒడియా పిన్నిగారికి నిశ్చింతగా పంపొచ్చు. మైదా వేశాక చపాతీ పిండిలా మర్దించకండి, గట్టిపడతాయి. ముద్దను అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి.

ఓవెన్ ప్లగ్గు 16 ఆంప్స్ సాకెట్‌కే. ఎక్స్‌టెన్షన్ బోర్డు అస్సలు వద్దు. 170 డిగ్రీల్లో ముందే 10 నిమిషాలు వేడెక్కాలి. ట్రేలో బటర్ పేపర్, బిస్కెట్ల మధ్య రెండు వేళ్ల ఎడం.

ట్రే లోపల పెట్టాక 12వ నిమిషం నుంచి కళ్లు అక్కడే ఉండాలి. అంచులు లేత బంగారు రంగుకు రాగానే తీసేయండి. మధ్యలో మెత్తగా ఉందని టెన్షన్ వద్దు, చల్లారితే కరకరలాడతాయి.

పచ్చి పిండి మాత్రం పిల్లల్ని నాకనివ్వకండి, కడుపు పాడవుతుంది.