గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌ను నమ్మే ముందు ఎలా పరీక్షించాలి?

"మావయ్యా, ఇది పాడైపోయింది!" అంటూ డాలస్ నుంచి మా అక్క కూతురు వీడియో కాల్ చేసింది. చేతిలో పెట్టెలోంచి తీసి వారమైనా కాని గ్రాఫింగ్ కాలిక్యులేటర్. ఎక్స్² − 60ఎక్స్ + 884 అని కొట్టి గ్రాఫ్ మీట నొక్కిందట. తెర మీద నిలువు గీత, అడ్డగీత తప్ప ఇంకేమీ లేదు. గ్రాఫే లేదు కాబట్టి మూలాలు కూడా లేవని హోమ్‌వర్క్‌లో రాసేసింది. మార్కులు పోయాయి.

ఆ సమీకరణానికి మూలాలు 26, 34. మన దగ్గర పదో తరగతి పిల్లలు కాగితం మీద విడగొట్టి చెప్పేస్తారు. యంత్రం పాడవలేదు, అబద్ధమూ చెప్పలేదు. అది చూపించింది ఎక్స్ విలువ −10 నుంచి 10 దాకా ఉన్న ముక్కనే. వక్రరేఖ ఆ కిటికీకి (యంత్రం భాషలో విండో) అవతల ఉంది.

ఈ యంత్రాల బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి. గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌కు వక్రరేఖ అంటే ఏమిటో తెలియదు. తెర మీద ఎన్ని నిలువు వరసలుంటే అన్నిచోట్ల వై విలువ లెక్కగట్టి, చుక్కలు పెట్టి, వాటిని కలుపుతుంది. అంతే. ఇది మనసులో పెట్టుకుని కింది పరీక్షలు ఒక్కొక్కటిగా చేసి చూడండి. అన్నీ కలిపి ఒక గంట పడుతుంది.

1. ముందు, అసలు మీకు అవసరమా?

జేఈఈ మెయిన్‌లో ఏ కాలిక్యులేటరూ తీసుకెళ్లనివ్వరు. గేట్‌లో సైంటిఫిక్ కాలిక్యులేటర్ కంప్యూటర్ తెర మీదే ఉంటుంది. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో మామూలుగా నడిచేది క్యాసియో 991 లాంటి సైంటిఫిక్ రకమే. కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చదివే పిల్లలు దీని మీద డబ్బు పోయక్కర్లేదు.

అమెరికాలో చదివే మన పిల్లల సంగతి వేరు. అక్కడ ఏపీ కాల్కులస్ పరీక్షలో (మన రాష్ట్రం కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కొన్ని భాగాలకు గ్రాఫింగ్ కాలిక్యులేటర్ తప్పనిసరి. దాంతో నాలుగు పనులు చేయగలగాలి: అడిగిన విండోలో గ్రాఫ్ గీయడం, మూలాలు కనుక్కోవడం, ఒక బిందువు దగ్గర అవకలజం (డెరివేటివ్) విలువ చెప్పడం, నిశ్చిత సమాకలని (డెఫినిట్ ఇంటిగ్రల్) విలువ చెప్పడం. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) గణితంలోనూ ఇది కావాలి. కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌లోనూ, 2025 నుంచి ఏపీ కాల్కులస్‌లోనూ డెస్మోస్ గ్రాఫింగ్ సాఫ్ట్‌వేర్ పరీక్ష యాప్‌లోనే ఉంటుంది.

కొనే ముందు చూడాల్సిన ఇంకో ముఖ్యమైన సంగతి సీఏఎస్. అంటే అంకెలతోనే కాక అక్షరాలతోనూ బీజగణితం చేసే రకం. టీఐ-89 (టీఐ అంటే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ), టీఐ-ఎన్‌స్పైర్ సీఎక్స్ సీఏఎస్, హెచ్‌పీ ప్రైమ్ ఆ కోవలోవి. వీటిని ఏపీ కాల్కులస్‌లో ఒప్పుకుంటారు. శాట్ లాంటిదే అయిన ఏసీటీలో ఒప్పుకోరు, ఐబీ పరీక్షల్లో సీఏఎస్ వాడనివ్వరు. ఖరీదైనదే మంచిదని కొనిపెట్టి, పరీక్ష రోజు గేటు దగ్గర ఆగిపోయే పిల్లల గురించి ఆలోచించండి. ఆ ఏడాది నియమాలు చూసుకున్నాకే కార్డు బయటికి తీయండి.

పరీక్ష బలవంతం లేకపోతే నా సలహా సూటిగా చెప్తాను: కొనకండి. ఫోన్లో ఉచితంగా దొరికే డెస్మోస్, జియోజిబ్రా ఇంతకంటే అందంగా, వేగంగా గీస్తాయి. మొట్టమొదటి గ్రాఫింగ్ కాలిక్యులేటర్ 1985లో క్యాసియో తెచ్చిన ఎఫ్ఎక్స్-7000జీ. దాని తెర 96 × 64 చుక్కలు. 2004లో వచ్చిన టీఐ-84 ప్లస్ తెర కూడా అంతే! లోపలి జెడ్80 చిప్ అయితే 1976 నాటి డిజైన్. పాఠ్యపుస్తకాలు, టీచర్లు, పరీక్షలు అన్నీ ఒకే మోడల్‌కు అలవాటు పడిపోతే ఇలాగే ఉంటుంది మరి.

2. సైన్ 30 కొట్టండి

0.5 వస్తే డిగ్రీల్లో ఉంది. −0.988 వస్తే రేడియన్లలో ఉంది. కాల్కులస్‌కు రేడియన్లే కావాలి. పక్కవాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్నా, మీదే తమ్ముడి చేతిలోంచి తిరిగొచ్చినా, మొదట ఇదే కొట్టండి.

3. కిటికీ పెట్టడం నేర్చుకోండి

మా మేనకోడలి లెక్కకే వద్దాం. గ్రాఫ్ మీట నొక్కే ముందు టేబుల్ తెరవండి. ఎక్స్‌ను 5 చొప్పున పెంచుతూ వెళ్తే 20 దగ్గర వై 84, 25 దగ్గర 9, 30 దగ్గర −16, 35 దగ్గర మళ్లీ 9, 40 దగ్గర 84. పరావలయం ఎక్కడ దిగి ఎక్కడ లేచిందో అంకెల్లోనే కనిపించేసింది. ఇప్పుడు విండోలో ఎక్స్ 20 నుంచి 40, వై −20 నుంచి 90 అని పెట్టండి. గ్రాఫ్ చక్కగా నడుమన వచ్చి కూర్చుంటుంది.

జూమ్‌ఫిట్ అనే సదుపాయం ఉంది కదా అని దాని మీద పడకండి. టీఐ-84లో అది వై హద్దులను మాత్రమే సవరిస్తుంది, ఎక్స్ హద్దులు మీరు పెట్టినవే. ఎక్స్ ఎక్కడ వెతకాలో మీరే చెప్పాలి.

4. సైన్ తరంగంతో పట్టుకోండి

ఇది నాకు చాలా ఇష్టమైన పరీక్ష. గణితం టీచర్లకు చూపించినా కాసేపు నోట మాట రాదు.

రేడియన్లలో ఉంచి, వై = సైన్(ఎక్స్) + 1 అని కొట్టండి. వై హద్దులు −1 నుంచి 3. ఎక్స్ 0 నుంచి మొదలుపెట్టి, పాత టీఐ-84 ప్లస్ అయితే 188π దాకా, రంగుల తెర ఉన్న సీఈ అయితే 528π దాకా పెట్టండి. గ్రాఫ్ నొక్కండి. 0కీ 2కీ మధ్య ఎగిసిపడాల్సిన తరంగం చోట, 1 దగ్గర సాఫీగా ఒక అడ్డగీత!

ఎందుకంటే పాత తెరలో గ్రాఫ్‌కు 95 నిలువు వరసలుంటాయి, అంటే 94 అడుగులు. 188πను 94తో భాగిస్తే ఒక్కో అడుగు సరిగ్గా 2π. సైన్ తరంగం 2πకోసారి మొదటికొస్తుంది. యంత్రం చూసిన ప్రతిచోటా సైన్ విలువ సున్నాయే. మధ్యలో ఏం జరిగిందో దానికి అక్కర్లేదు. సీఈలో 265 వరసలు, 264 అడుగులు, కాబట్టి 528π.

ఇప్పుడు 188πను 190π చేయండి (సీఈలో 530π). ముచ్చటైన ఒకే ఒక్క తరంగం కనిపిస్తుంది. నిజానికి ఆ హద్దుల్లో ఉన్నవి 95 తరంగాలు, సీఈలో అయితే 265. అడ్డగీత వచ్చినప్పుడు ఏదో తేడా ఉందని అనుమానం వస్తుంది. ఈ రెండోది చూస్తే అనుమానమే రాదు, అందుకే ఇది ఎక్కువ ప్రమాదం.

ఎలక్ట్రికల్ చదివే పిల్లలు దీనికి రోజూ దొరికిపోతారు. మన ఇళ్ల కరెంటు 50 హెర్ట్జ్. అంటే సైన్(100πఎక్స్). దాన్ని −10 నుంచి 10 విండోలో గీస్తే 20 సెకన్లలో 1000 తరంగాలను ఆ కాసిన్ని చుక్కల్లో ఇరికించమన్నట్టు. వచ్చే బొమ్మకు అర్థం ఉండదు. ఒక తరంగానికి పట్టేది 0.02 సెకను. కాబట్టి 0 నుంచి 0.06 దాకా పెట్టండి, మూడు తరంగాలు కడిగిన ముత్యాల్లా వస్తాయి. ముందు ఒక తరంగం వెడల్పు చేత్తో లెక్కేసుకుని, ఆ తర్వాతే విండో పెట్టడం అలవాటు చేసుకోండి.

5. ఎన్ని అంకెలు గుర్తుంటాయో చూడండి

10^12 + 1 − 10^12 కొట్టండి. 1 రావాలి. ఘాతాన్ని 13, 14, 15 అని పెంచుకుంటూ పొండి. ఒకచోట జవాబు సున్నా అయిపోతుంది. మీ యంత్రం ఓపిక అంతవరకే. టీఐ-84 లోపల 14 అంకెలు దాచుకుంటుంది, తెర మీద 10 చూపిస్తుంది.

ఇంటి ఖర్చు లెక్కలకు 14 అంకెలు ఎక్కువే. చిక్కు వచ్చేది దాదాపు సమానమైన రెండు సంఖ్యల్ని తీసివేసినప్పుడు. (1 − కాస్ ఎక్స్) ÷ ఎక్స్² తీసుకోండి. ఎక్స్ సున్నాకు చేరేకొద్దీ దీని అవధి (లిమిట్) 0.5 అని ఇంటర్లో చదివాం. ఎక్స్ = 0.01 పెడితే 0.4999958 వస్తుంది, బాగుంది. ఇంకా దగ్గరకెళ్దామని 10^−8 పెడితే జవాబు సున్నా! కాస్ విలువ 1కి అంత దగ్గరగా ఉండేసరికి యంత్రం దాన్ని 1గానే రాసేసుకుంది. అవధి కనుక్కోవడానికి మరీ చిన్న సంఖ్యలు కొట్టకండి. 0.1, 0.01, 0.001 వేసి జవాబు ఎటు పోతోందో చూడండి, చాలు. సీఏఎస్ ఉన్న రకమైతే అవధిని బీజగణితంతో చేసి 1/2 అనే చెప్తుంది. దానికి పెట్టే అదనపు డబ్బు ఇలాంటి చోటే గిట్టుబాటవుతుంది.

6. లేని అవకలజం అడగండి

వై = |ఎక్స్| గ్రాఫ్ సున్నా దగ్గర కొడవలి మొనలా మలుపు తిరుగుతుంది. అక్కడ అవకలజం లేదు. టీఐ-84లో అవకలజం లెక్కగట్టే ఎన్‌డెరివ్‌ను అడిగి చూడండి, నిక్షేపంగా 0 అంటుంది. అటు 0.001, ఇటు 0.001 జరిగి రెండు విలువల తేడాను 0.002తో భాగించడమే దాని పద్ధతి. ఇక్కడ రెండు వైపులా విలువలు సమానం కాబట్టి తేడా సున్నా. 1/ఎక్స్‌కు సున్నా దగ్గర అడిగితే 10 లక్షలు అని ఇంకా ధీమాగా చెప్తుంది. ఆ ప్రమేయానికి అక్కడ విలువే లేదు!

అందుకని అవకలజం అడిగే ముందు ఆ బిందువు దగ్గర గ్రాఫ్‌ను ఒకసారి పెద్దది చేసి చూడండి. మొన ఉందా, తెగిపోయిందా అన్నది కంటికి తెలిసిపోతుంది.

7. ఇక పని చేయించుకోండి

ఇంతసేపూ తిట్టాను గానీ, ఈ యంత్రానికి సాటిలేని చోట్లున్నాయి. రెండు వక్రరేఖలు ఎక్కడ కలుస్తాయో చేత్తో తేలని లెక్క ఇవ్వండి, ఉదాహరణకు కాస్ ఎక్స్ = ఎక్స్. ఖండన బిందువు 0.739 అని క్షణంలో ఇస్తుంది. మాత్రికల విలోమం, గణాంకాల జాబితాలు, రిగ్రెషన్ రేఖ అన్నీ అంతే. సహసంబంధ గుణకం కనిపించకపోతే కంగారు పడకండి, మోడ్‌లో స్టాట్ డయాగ్నస్టిక్స్ ఆన్ చేయాలి.

టీఐ-84లో ఫైనాన్స్ అనే మూల ఒకటి ఉంటుంది, చాలామంది తెరిచి కూడా చూడరు. అందులో నెలలు 240, వడ్డీ 9, అసలు 50,00,000, చివరి విలువ 0, ఏడాదికి వాయిదాలు 12 అని పెట్టి, పీఎంటీ (నెల వాయిదా) గడిలో జవాబు అడగండి. −44,986 వస్తుంది. మైనస్ ఎందుకంటే అది మీ జేబులోంచి పోయేది. ఇరవై ఏళ్ల అప్పుతో ఇల్లు కొన్న నా స్నేహితుడికి ఇది చూపించి, దాన్ని 240తో గుణించమన్నాను. కోటీ ఎనిమిది లక్షలకు కాస్త తక్కువ. కాసేపు ఏమీ మాట్లాడలేదు పాపం.

8. పరీక్ష ముందు రోజు

పాత టీఐ-84 ప్లస్‌కు నాలుగు సన్న బ్యాటరీలు, కొత్తవి కొనండి. సీఈ అయితే చార్జింగ్ పెట్టండి. ర్యామ్‌లో ఉన్న ప్రోగ్రాములు రీసెట్ చేస్తే పోతాయి. ఇన్విజిలేటర్ రీసెట్ చేయమనవచ్చు, కాబట్టి పోతే బాధపడేవాటిని ముందే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. రీసెట్ అయ్యాక మోడ్, విండో అన్నీ మొదటికొస్తాయి. మళ్లీ సైన్ 30 కొట్టి చూసుకోవాలి.

ఇంకోటి: తీసివేత మీట వేరు, రుణ సంఖ్యకు పెట్టే మైనస్ మీట వేరు. ఒకదాని బదులు ఇంకోటి నొక్కితే చాలాసార్లు సింటాక్స్ ఎర్రర్ అని వస్తుంది, పరీక్షలో టెన్షన్ పెంచేస్తుంది. అలాగే −3² కొడితే −9 వస్తుంది. 9 కావాలంటే బ్రాకెట్ మీరే పెట్టాలి.

9. రెండో యంత్రంతో సరిచూడండి

మొన్న మా మేనకోడలు మళ్లీ కాల్ చేసింది. "మావయ్యా, 6 ÷ 2(1+2) నీ దాంట్లో కొట్టు" అంది. తన దాంట్లో 9 వచ్చింది. నా క్యాసియో 991 ఈఎక్స్ 1 అంది. తను నవ్వింది. నేను తెర వైపు చూశాను. నేను కొట్టని బ్రాకెట్ల జత ఒకటి 2(1+2) చుట్టూ తనంతట తానే వచ్చి కూర్చుంది. 2 పక్కన గుణకారం గుర్తు లేకపోతే ఈ మోడల్ ఆ ముక్కను ముందు చేస్తుంది. టీఐ-84 అలా కాదు, ఎడమ నుంచి కుడికి వెళ్లిపోతుంది. చివరికి తను (6 ÷ 2) × (1+2) అని కొట్టింది, నేనూ అదే కొట్టాను. అప్పుడు గానీ ఇద్దరికీ 9 రాలేదు.